రెండో డబ్బా

టెకోవా వాకిట్లోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వినగానే రిటేటాకు అనుమానం వచ్చింది. భర్త అన్నగారు ఊరికే వచ్చే మనిషి కాదు. ఊరి పెద్ద పాకలో, మనియబలో, ముందు వరసలో చాప వేసుకు కూర్చునే పెద్దమనిషి. అలాంటివాడు దీపాలు పెట్టే వేళ మరదలి ఇంటి ముందు నిలబడి నేల చూపులు చూస్తున్నాడంటే ఏదో అడగడానికే వచ్చాడన్నమాట.

"రండి బావగారూ, కూర్చోండి. ఇప్పుడే నీరా దింపాం, పోస్తాను."

"నీరాకేం తొందర్లే అమ్మాయ్. నీ దగ్గర నాదొక బుబూసి ఉంది."

ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక ఇక చేసేదేం లేదు. కిరిబాస్ దీవుల్లో బుబూసి అని అడిగినదాన్ని కాదనరు. పట్టిన చేప అడిగినా, నేసిన చాప అడిగినా, కన్నబిడ్డను పెంచుకుంటామని అడిగినా ఇవ్వాల్సిందే. కాదన్నవాడి పేరు తాతముత్తాతలతో కలిపి ఊరి నోట్లో నానుతుంది. ఇచ్చాక "అది నేనిచ్చిందే" అని బయటపెట్టడం కాదనడంకన్నా సిగ్గుచేటు. మంచి ఆచారమే, కరువు రోజుల్లో ఆ ఊరిని బతికించింది అదే. కాకపోతే అడిగేవాడికి బుద్ధి ఉంటుందని నమ్మి పెట్టిన ఆచారం అది, ఆ నమ్మకం టెకోవా పుట్టకముందుది.

"మనవరాలికి ఏడాది నిండుతోంది గదా," అన్నాడాయన. "విందుకి పందులు అవతలి లంక నుంచి తెచ్చుకోవాలి. సరుకుల ఓడ జాడే లేదాయె. ఊళ్ళో ఎవరింట్లోనూ పెట్రోలు చుక్క లేదు. మీ బడి గదిలో రెండు డబ్బాలున్నాయట. ఒకటి ఇప్పించు."

"అది పిల్లల ప్రయాణానికండీ బావగారూ."

"రెండున్నాయి గదమ్మా. పిల్లలకొకటి, పసిదానికొకటి. ఆ మాత్రం దూరానికి రెండెందుకు? మేం తెడ్లేసుకు పోయేవాళ్ళం."

తెడ్లేసుకు పోయినవాళ్ళు పందుల కోసం కూడా తెడ్లేసుకు పోవచ్చు కదా అని రిటేటా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఊళ్ళో ఒక్కతే టీచరు, నాలుగు అక్షరాలు వచ్చిన మనిషి, పిల్లల ముందు నిలబడితే గొంతు ఖంగున మోగే మనిషి. బావగారి ముందు మాత్రం కోడలుపిల్లే. వెళ్ళి బడి గది తాళం తీసింది. వెంట వచ్చిన టెకోవా కొడుకు డబ్బా భుజానికెత్తుకుని కొబ్బరిచెట్ల మధ్యనుంచి వెళ్ళిపోయాడు.

చాప మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటున్న రకేరా తలెత్తింది. రిటేటాకు ఒక్కగానొక్క కూతురు ఆ పిల్ల. తండ్రి పరదేశపు ఓడల మీద తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో ఉండేది ఇద్దరే.

"అమ్మా, అది మా పడవకి పెట్రోలు కదా?"

"నోర్మూసుకో. పెద్దాయన అడిగారు."

"పెద్దాయన అడిగితే ప్రశ్నపేపరు కూడా ఇచ్చేస్తావేంటి?"

మామూలుగా అయితే ఆ మాటకు వీపు మోగేది. ఆ వేళ రిటేటాకు చెయ్యి లేవలేదు.

తొమ్మిదో తరగతి పరీక్ష గట్టెక్కిన పిల్లల్ని ఓడ వచ్చి తీసుకుపోతుంది. రాజధానిలో పెద్ద బడి, హాస్టలు, ఆ తరవాత ఆఫీసు కొలువో ఓడ కొలువో. తప్పినవాళ్ళు ఊళ్ళోనే ఉండి కొబ్బరి ఎండబెట్టుకుంటారు. పాసైనవాళ్ళ కోసం తల్లులు ఏడుస్తారు, తప్పినవాళ్ళ కోసమూ ఏడుస్తారు, ఏ ఏడుపు దేనికో ఊరంతటికీ తెలుస్తుంది. ఏటా ప్రశ్నపత్రాలు మూటగట్టుకుని దీవికే వచ్చేవి. ఈ ఏడు పైవాళ్ళకి కొత్త ఆలోచన పుట్టింది. చిన్న బళ్ళ పిల్లలందరూ ఆఫీసులుండే సర్కారు ఊరికి వచ్చి రాయాలట. పాఠం చెప్పిన టీచరు ఆ రోజున ఆ ఊరి పొలిమేరల్లో ఉండకూడదట, చూచిరాతలు జరుగుతాయట. ఆజ్ఞ రేడియోలో వచ్చింది. ఎదురు ప్రశ్న వేయడానికి రేడియో అవతల ఎవరూ లేరు.

దీవికీ సర్కారు ఊరికీ మధ్య లోసముద్రం, పగడపు గట్టు చుట్టేసిన నీళ్ళు. తెల్లారగట్ల అద్దంలా ఉంటుంది, చంటిపిల్లలకు కూడా అందులో స్నానం చేయిస్తారు. కానీ సగం దూరంలో పగడపు గట్టు తెగిపోయి గండి ఉంది. ఆటు తీసినప్పుడు లోపలి నీళ్ళన్నీ ఆ గండిలోంచే బయటి సముద్రంలోకి దూకుతాయి. దానికి పడమటి గాలి ఎదురొచ్చిందంటే అక్కడ నీళ్ళు నీళ్ళలా ఉండవు, గోడల్లా లేస్తాయి. ఆ గోడల మధ్య ఇంజను ఆగకూడదు. అందుకే పైవాళ్ళు కూడా, ఎవరో తెలిసినవాడు చెప్పాడు కాబోలు, రెండు డబ్బాలు పంపారు. ఒకటి ప్రయాణానికి, రెండోది ప్రాణానికి.

మర్నాడు పొద్దున రిటేటా బావగారింటికి వెళ్ళింది. ఇచ్చినదాన్ని తిరిగి అడగడానికి ముఖం చెల్లదు. తనూ ఒక బుబూసి అడగొచ్చు, అదొక్కటే దారి. రాత్రంతా మాటలు కూడబలుక్కుని వెళ్ళింది. వాకిట్లో టెకోవా భార్య మొగలి ఆకులు చీలుస్తోంది.

"పడవ పొద్దున్నే పోయిందమ్మా," అంది ఆవిడ. "పందుల బేరం తెగాలిగా, రేపో ఎల్లుండో వస్తారు. ఏం, ఏమైనా కావాలా?"

"ఏం లేదక్కా. పసిదాన్ని చూసి పోదామని."

పసిదాన్ని ఎత్తుకుని ముద్దాడి వచ్చేసింది. దారిపొడుగునా తనను తాను తిట్టుకుంది, బావను తిట్టుకుంది, పందుల్ని కూడా వదల్లేదు. ఆ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా పెట్రోలు లేదు, ఉంటే టెకోవా ఆమె దగ్గరికే వచ్చేవాడు కాదు.

గాలి మధ్యాహ్నం నుంచి తిరిగింది. ముందు కొబ్బరాకులు తెలుసుకున్నాయి, తరవాత కోళ్ళు. సాయంత్రానికి పడమటి దిక్కున మబ్బు అట్టకట్టింది. పడవ నడిపే కైటూ ఒడ్డున నిలబడి ముక్కు పైకెత్తి వాసన చూశాడు. బక్కపల్చటి మనిషి, ముందుపళ్ళు లేవు, ఆ లోసముద్రంలో ఏ రాయి ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలడు.

"రేపటికి తగ్గుతుందా కైటూ?" అని అడిగింది రిటేటా.

"గాలి నా పెళ్ళామా టీచరమ్మా, చెప్తే వినడానికి? తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు."

"పరీక్ష ఒక్కరోజు వెనక్కి జరపమని అడగనా?"

"అడగండి. మీరడిగితే సముద్రమన్నా జరుగుద్దేమోగానీ వాళ్ళు జరుగుతారా?"

ఆమె అడిగింది కూడా. ఆసుపత్రి పాకలో ఉన్న రేడియో దగ్గరికి వెళ్ళి నర్సమ్మ చేత సర్కారు ఊరికి కబురు పెట్టించింది. దేశమంతటా ఒకే గంటకు పరీక్ష, తలుపు మూశాక ఎవరినీ రానివ్వరు, పిల్లల్ని ముందురోజే తెచ్చి పడుకోబెట్టండి అని జవాబు వచ్చింది. ముందురోజంటే రేపే. పెట్రోలు సంగతి అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నర్సమ్మ టెకోవాకు మేనకోడలు. రిటేటా "సరే" అని బయటికి వచ్చేసింది.

తెల్లారేసరికి ఊరంతా ఒడ్డున చేరింది. ఎవరైనా చదువుకోడానికి కదిలితే అక్కడ ఊరు ఊరే కదులుతుంది. పిల్లల మెడల్లో పూలదండలు, తలలకు కొబ్బరినూనె, చేతుల్లో సీమపనస పండు కాల్చి కట్టిన పొట్లాలు. వెళ్ళాల్సింది నలుగురు. రకేరా, బౌరో, టెరియేటా, మరేవా కొడుకు ఇటాకా. మరేవా భర్త చేపలకు పోయి తిరిగిరాక చాలా ఏళ్ళయింది. ఆమెకు కొడుకొక్కడే. వాడి చొక్కాను ముందురోజు ఉతికి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎవరింటి నుంచో తెచ్చి మడతలు తీసింది. ఇప్పుడు ఆ చొక్కా తడవకుండా విప్పి సంచిలో పెట్టుకోమని వాడి వెంటపడుతోంది.

"అందరి ముందూ చొక్కా విప్పమంటావేంటే అమ్మా!"

"ఓహో, పెళ్ళికొడుకువి మరి. విప్పరా సిగ్గులమారీ."

జనం నవ్వారు. ఇటాకా చొక్కా విప్పి తల్లి మొహాన విసిరాడు, మళ్ళీ తనే మడతపెట్టుకున్నాడు. రిటేటా కూడా నవ్వడానికి ప్రయత్నించింది. గాలి తగ్గలేదు. మబ్బు దగ్గరికి వచ్చింది. దూరంగా గండి ఉన్న వైపు ఒక తెల్లటి గీత కనిపిస్తోంది, ఆ గీత కదులుతోంది.

కైటూ ఇంజనులో పెట్రోలు పోసి, మిగిలింది ఎంతుందో ఊపి చూసి, చుట్టూ చూశాడు.

"టీచరమ్మా, రెండో డబ్బా ఏది?"

అన్ని మాటల మధ్యా ఆ ఒక్క మాటా రిటేటాకు గంటకొట్టినట్టు వినిపించింది. టెకోవా అక్కడే ఉన్నాడు, పిల్లల్ని దీవించడానికి ఊరి పెద్దగా వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని సముద్రం కేసి చూస్తున్నాడు. ఆయనకు వినపడిందో లేదో ముఖంలో తెలియలేదు.

"కారిపోయింది," అంది రిటేటా. "మూత సరిగా లేదు. రాత్రికి రాత్రి మొత్తం కారిపోయింది."

"కారితే వాసన రావాలే. బడి పక్కనే గదా నా ఇల్లు."

అన్నాడు గానీ, అంటూనే కైటూ కళ్ళు ఒకసారి టెకోవా మీదికి వెళ్ళి వెనక్కి వచ్చాయి. పందులకు పడవ పోయిన సంగతి అతనికీ తెలుసు. అతనూ ఆ దీవిలో పుట్టినవాడే. ఇక ఆ మాట ఎత్తలేదు. డబ్బా మూత బిగించి, "సరేలెండి, ఉన్నదాంతోనే సర్దుదాం. ఆటు తీసేలోపు గండి దాటేస్తే గొడవే లేదు," అన్నాడు. తెడ్లు రెండూ పడవలో పడేశాడు. ఊరు ఊరంతా ప్రార్థనకు తల వంచింది.

రిటేటా తల వంచలేదు. ఆ ప్రార్థన సాగినంతసేపూ ఒక్క కేక వేస్తే చాలు. డబ్బా ఇచ్చేశాను, పడవ ఎక్కకండి అని. బావ తలెత్తుకోలేడు, తనూ తలెత్తుకోలేదు, పిల్లలకు ఒక ఏడాది పోతుంది. అంతకన్నా ఏం పోదు. ఆ లెక్క ఆమెకు తెలియక కాదు. నోరు తెరిచింది కూడా. లోపల మాట ఉంది, బయటికి రాలేదు. ఆ మూగతనాన్ని మర్యాద అనుకుంటూ పెరిగింది, ఆ పొద్దున దానికి ఏ పేరు పెట్టాలో ఆమెకే తెలియలేదు.

ప్రార్థన అయింది. పిల్లలు నీళ్ళలోకి దిగారు. రకేరా లంగా ఎగగట్టుకుని పడవ అంచు పట్టుకుంది. అప్పుడు రిటేటా నీళ్ళలోకి ఉరికి కూతురి మణికట్టు పట్టుకుంది.

"దీనికి ఒళ్ళు కాలిపోతోంది!" అని అరిచింది. "రాత్రినుంచీ జ్వరం. నే పంపను, ఇది వెళ్ళదు."

"నాకా? జ్వరం నాకా?" రకేరా కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మా, నీకేమైంది? నాకేం లేదు!"

"చూడండి, వణికిపోతోంది పిల్ల."

వణుకుతున్నది తల్లి చెయ్యి. అది రకేరాకు మణికట్టు దగ్గర తెలుస్తూనే ఉంది. ఆ పిల్ల తల్లి ముఖంలోకి చూసింది, పడవలో ఉన్న ఒంటరి డబ్బా కేసి చూసింది, ఒడ్డున పెదనాన్న కేసి చూసింది. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల. నోరు మూసుకుంది. పదిమందిలో తల్లిని అబద్ధాలకోరును చెయ్యడం ఆ పిల్లకూ చేతకాలేదు.

"నువ్వు రాకపోతే ఫస్టు నేనే!" అని ఇటాకా పడవలోంచి ఎగతాళి చేశాడు. "జ్వరమంట జ్వరం. భయమని చెప్పొచ్చుగా!"

రకేరా తన పెన్సిళ్ళ పెట్టె వాడి ఒళ్ళోకి విసిరింది. "నీ పెన్సిలు ముక్క చూసి నవ్వుతారు, ఇది పట్టుకుపో," అంది. మరేవా పక్కకొచ్చి ఆ పిల్ల భుజం చుట్టూ చెయ్యేసింది. "బెంగపడకే తల్లీ, వచ్చే ఏడు రాద్దువుగాని," అని, కొడుకు కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆ రోజు బడి నడిచింది. రిటేటా చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పింది. గాలి పైకప్పు ఆకుల్ని పీకుతుంటే పిల్లలు ఎక్కాలు గట్టిగా అరిచారు. మధ్యాహ్నానికి వాన దంచికొట్టింది. గండి వైపు తెల్ల గీత కాదు, తెల్ల గోడే కనిపించింది, తరవాత వానలో అదీ కనపడలేదు. చేరిపోయి ఉంటారు అనుకుంది రిటేటా. అనుకోవడం ఆపితే ఏమవుతుందో తెలుసు కాబట్టి అదే అనుకుంటూ కూర్చుంది. వానకు ఆసుపత్రి రేడియో కూడా పలకలేదు. రకేరా తల్లితో మాట్లాడలేదు. జ్వరం వచ్చినదానిలాగే చాప మీద ముడుచుకు పడుకుంది, ఎవరైనా వచ్చి చూస్తారేమోనన్నట్టు.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. రేడియో తిరిగి పలికింది. నర్సమ్మ కబురంపితే రిటేటా వెళ్ళింది. అవతలి గొంతు విసుగ్గా ఉంది.

"మీ పిల్లలు ఎక్కడమ్మా? తలుపు మూసేస్తున్నాం. పంపడం లేదా? పంపకపోతే ఆ ముక్క ముందే చెప్పాలి. గైర్హాజరు వేసేస్తున్నాను."

నర్సమ్మ రేడియో గొట్టం పట్టుకుని రిటేటా కేసి చూసింది. "నిన్న పొద్దున్నే బయల్దేరారని చెప్పు," అంది రిటేటా. అక్కడినుంచి ఆ కబురు ఊళ్ళోకి తనంతట తనే నడిచి వెళ్ళింది.

వెతకడానికి దీవిలో పెట్రోలు లేదు. తెరచాప తెప్పలు కట్టుకుని మగవాళ్ళు పోయారు. సర్కారు ఊరి నుంచి రెండు పడవలు వచ్చాయి. ఎక్కడి నుంచో ఒక విమానం వచ్చి నీళ్ళ మీద తిరిగి తిరిగి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఒడ్డున మంటలు వేసి కూర్చున్నారు, మరేవా ఆ మంట దగ్గర నుంచి లేవలేదు. అవతలి లంకలో చిక్కుకుపోయిన టెకోవా కొడుకు అప్పుడొచ్చాడు, కాళ్ళు కట్టిన పందులతో. అవి పడవలోనే పడి కీచుకీచుమని అరుస్తుంటే ఎవరూ దింపుకోలేదు. విందు జరగలేదు.

గాలి మళ్ళీ తూర్పుకు తిరిగాక ఒక చేపల ఓడకు పడవ దొరికింది. నీళ్ళు నిండి, ఒక పక్కకు ఒరిగి, ఖాళీగా. ఇంజను బాగానే ఉందట. డబ్బా ఒకటే ఉందట, అందులో చుక్క లేదట. ఆ సంగతి మనియబలో చెప్పినప్పుడు ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. "సముద్రం తీసుకుంది," అన్నాడు టెకోవా. "ఇచ్చేదీ అదే, తీసుకునేదీ అదే." పెద్దలు తలలూపారు. రెండో డబ్బా మాట ఎవరూ అడగలేదు. ఒడ్డున కైటూ అడగ్గా విన్నవాళ్ళు పదిమందైనా ఉంటారు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుందని ఊరంతటికీ భయం.

రిటేటా దగ్గరికి మాత్రం ఆడవాళ్ళు వచ్చి, "నీ అదృష్టం అక్కా, దేవుడు జ్వరం పంపి మరీ కాపాడాడు," అనేవారు. కొందరు రకేరా నుదురు ముట్టుకుని తమ పిల్లల నుదుళ్ళకు అద్దారు. అలా చేసిన ప్రతిసారీ రకేరా రాయిలా నిలబడేది. సాయంత్రాలు బడి వదలగానే మరేవా ఇంటికి పోయేది. అక్కడ ఆకులు చీల్చిపెట్టేది, నీళ్ళు తోడేది, ఒక్కోసారి చీకటిపడ్డాక గానీ వచ్చేది కాదు.

"ఎందుకే రోజూ అక్కడికి?" అని అడిగింది రిటేటా.

"పిన్నికి ఎవరున్నారు?"

"నేను నిన్ను కాపాడుకున్నాను రకేరా. తల్లిని. ఇంకేం చెయ్యమంటావు?"

"ఆ ముగ్గురూ తల్లులున్నవాళ్ళే," అంది ఆ పిల్ల, చాప దులుపుకుంటూ.

కొన్నాళ్ళకు రేడియో మళ్ళీ పలికింది. పైవాళ్ళకు జాలి కలిగింది. అనారోగ్యం వల్ల పరీక్ష రాయలేకపోయినవాళ్ళకు మరో అవకాశం ఇస్తారట. నర్సమ్మ జ్వరమని ధ్రువీకరిస్తే చాలట. ఆ దీవిలో దానికి అర్హత ఉన్నది ఒక్క రకేరాకే. మునిగిపోవడం అనారోగ్యం కిందికి రాదు కదా.

టెకోవా పొంగిపోయాడు. మనసులో ముల్లు ఉన్నవాడికి పండగ చేయాలని తొందరెక్కువ. "ఒక్క బిడ్డయినా మిగిలింది. ఊరు మొత్తం దీవించి పంపాలి," అని మనియబలో కూటం పిలిచాడు. అందరూ వచ్చారు. బౌరో తల్లిదండ్రులు వచ్చారు, టెరియేటా అమ్మమ్మ వచ్చింది, కైటూ భార్య బిడ్డను చంకనేసుకుని ఒక మూల కూర్చుంది. రకేరా మెడలో దండ వేశారు. టెకోవా నిలబడి చదువు గురించీ, దేవుడి దయ గురించీ చాలాసేపు మాట్లాడాడు. ఆయన కూర్చున్నాక మరేవా లేచింది.

ఆడవాళ్ళు ఆ పాకలో అంతగా లేచి మాట్లాడరు. బిడ్డ పోయిన తల్లి కాబట్టి ఎవరూ ఆపలేదు.

"నాదొక బుబూసి ఉంది," అంది. గొంతు నెమ్మదిగానే ఉంది. "రిటేటక్క దగ్గర."

రిటేటా తలెత్తి చూసింది. అడగబోయేదేమిటో అప్పుడే తెలిసిపోయింది, తెలిసినా మనసు ఒప్పుకోక, చాపలేమో, ఇంటి వెనక చెట్లేమో అని వెతుక్కుంది.

"రకేరాని నాకివ్వు. నా కూతురుగా పెంచుకుంటాను."

బిడ్డను అడగడం కొత్తేం కాదు, ఆ ఊళ్ళో సగంమంది అలా పెరిగినవాళ్ళే. కానీ ఇచ్చాక ఇచ్చినట్టే. ఆ బిడ్డ తిండి, చదువు, పెళ్ళి, అన్నీ తీసుకున్న తల్లివే. కన్నతల్లి దారిలో ఎదురైతే పలకరించి పోవాలి, అంతే. రిటేటా బావ కేసి చూసింది. ఏదో ఒకటి అను, ఇది తగదు అను, నువ్వు పెద్దవాడివి కదా అని కళ్ళతో బతిమాలుకుంది. టెకోవా చాప అల్లికలో పోగులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

"పరీక్షో?" అని ఎవరో ముసలమ్మ అడిగింది.

"వెళ్తుంది," అంది మరేవా. "ఆపను. నేనూ పడవ ఎక్కుతాను. రెండు డబ్బాలూ నా కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంటాను."

కైటూ భార్య కట్టుగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది. టెకోవా మెడ ఇంకా కిందికి వంగింది.

అందరూ ఆమె కేసే చూస్తున్నారు. కాదంటే ఏమవుతుందో రిటేటాకు తెలుసు. ఎందుకు కాదంటున్నావని అడుగుతారు, ఆ అడగడం మొదలైతే డబ్బా దగ్గర ఆగదు, జ్వరం దాకా వస్తుంది. అది కాదు ఆమె నోటిని మూసింది. ఒక ప్రార్థన సాగినంతసేపు తను కాదనగలిగి ఉండింది, ఆ రోజు అనలేదు. ఇవాళ అనడానికి తనకేం హక్కుందో ఆమెకు తోచలేదు.

"ఇచ్చాను," అంది.

కూటం ముగిసింది. జనం ఒక్కొక్కరే వంగి చూరు కింద నుంచి బయటికి పోతున్నారు. రిటేటా కాళ్ళీడ్చుకుంటూ మరేవా దగ్గరికి వెళ్ళింది. ఏడవడం కుదరక చెప్పాల్సినవి చెప్పడం మొదలుపెట్టింది.

"దానికి చేమదుంప పడదు మరేవా, దద్దుర్లు వస్తాయి. వానొస్తే చెవిపోటు వస్తుంది, నూనె వెచ్చబెట్టి వెయ్యి. పక్కన మనిషి లేకపోతే నిద్రపోదు. పైకి అలా కనపడుతుందిగానీ..."

"తెలుసక్కా," అంది మరేవా. "చెప్పింది. రోజూ వచ్చి నా పక్కన కూర్చుని అన్నీ చెప్పింది. డబ్బా ఎవరు పట్టుకుపోయారో చెప్పింది. ఆ పొద్దున తనకి జ్వరం లేదని కూడా చెప్పింది."

ఆ మాటలో కోపం లేదు, ఉంటే రిటేటాకు కాస్త తేలికయ్యేది. బయట రకేరా మెడలో దండ తీసేసి, చాప చుట్టి చంకన పెట్టుకుని, మరేవా కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది.